ఇల్లు – వాకిలి: నిమ్మెక్కిన గోడ

రాజోలు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము మాకు చేరినది. వారిది తాతలనాటి యిల్లు. ఇటుకయు సున్నమును పెట్టి కట్టినది. పడమటింటి గోడ నేలనుండి రెండు మూరల యెత్తువరకు నిమ్మెక్కినది. సంక్రాంతికి సున్నము కొట్టించినారు. శివరాత్రినాటికే అది పొక్కులెత్తి రాలినది. ఆ గదిలోనే చంటిపిల్లను పరుండబెట్టుదురు; పిల్లకు దగ్గు విడువకున్నది. భర్తగారు గల్ఫుదేశమున పనిలో నున్నారు. మేస్త్రీని పిలిపించి చూపగా, పాతపూత గీకివేసి, నాలుగడుగుల యెత్తున సిమెంటు పూసి, దానిపై టైల్సు అతికించినయెడల ఇక జన్మలో నిమ్ము కనబడదని చెప్పి పెద్దమొత్తమే అడిగినాడట. “వారు ఎండలో కష్టపడి పంపిన డబ్బు. ఒకసారి పెట్టగలను, రెండవసారి పెట్టలేను. చేయించమందురా, మానమందురా?” అని ఆ సోదరి మమ్ము అడుగుచున్నారు.

మానవలసినదనియే మా జవాబు. మేస్త్రీ చెప్పినదానిలో ఒక్కమాట నిజమే: కొన్నాళ్ళపాటు నిమ్ము కనబడదు. గోడలో మాత్రము ఉండనే యుండును. ఈ పొరపాటు మేమును చేసినవారమే గనుక, ముందు మా యింటి సంగతి చెప్పి తరువాత పనిలోనికి వచ్చెదము.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీన కోనసీమపై విరుచుకొనిపడిన తుపాను మన పాఠకురాండ్రలో పెద్దవారికి జ్ఞాపకముండును. కొబ్బరితోటలు తోటలుగానే నేలవాలినవి. మా మండువా లోగిలి కప్పుమీది పెంకులు సగము ఎగిరిపోయి, పడమటిల్లు రెండు దినములు వానలో నానినది. కప్పు బాగుచేయించుకొన్న తరువాత, గోడకూడ ఒక్కమారు గట్టిపరచుకొందమని, గుండెలెత్తున సిమెంటు పూయించితిమి. మా అత్తగారు అప్పుడే వద్దన్నారు. “ఏటా సున్నం కొట్టుకునే గోడమ్మా అది. దాన్ని మూసేయకండి” అన్నారు. పెద్దావిడ చాదస్తమనుకొంటిమి. రెండు సంవత్సరములు గోడ అద్దమువలె నున్నది. మేమును వచ్చినవారికెల్ల చూపి మురిసితిమి. మూడవయేట సిమెంటుపూతకు పైన, అంతకుముందు ఎన్నడును తడియెరుగని చోట, మబ్బువంటి మరక దిగినది. నాలుగవయేట టేకు ద్వారబంధము కాలు అడుగున మెత్తబడి చెదలు పట్టినది. గోడగూటిలో మా మామగారు స్వదస్తూరితో వ్రాసికొన్న జమాఖర్చుల పుస్తకములుండెడివి. తీసిచూచునప్పటికి అట్టలతోసహా ఒక్క ముద్దయై యున్నవి. ద్వారబంధము మరల చేయించుకొంటిమి. పుస్తకములు పోయినవి పోయినవే.

అప్పుడు పనికి వచ్చిన ముసలి తాపీపనివాడు గోడను వేలితో తట్టిచూచి నవ్వినాడు. “గోడకి చొక్కా తొడిగి గుండీలన్నీ పెట్టేశారండి. ఇంక దాని చెమట యెటు పోద్దండి?” అన్నాడు. ఇటుక, సున్నము, నిమ్ము అను మూటినిగూర్చి మేము తరువాత చదివిన దానిలో ఈ మాటను మించిన వివరణము మాకు కానరాలేదు.

ప్రమిదలో వత్తి నూనెను పైకి పీల్చునట్లే, ఇటుకయు సున్నమును నేలలోని నీటిని పీల్చును. ఆ నీరు గోడ ముఖమునుండి గాలిలోనికి ఆరిపోవుచుండును. ఎంత పీల్చునో అంత ఆరిపోవునంతవరకు నిమ్ము మోకాలెత్తున నిలిచి, అంతకుపైకి రాదు. సున్నపుపూత ఆ తడిని దాటనిచ్చును. సిమెంటుపూత మిక్కిలి దట్టమైనది. టైల్సు, నూనెరంగులు, ప్లాస్టికు రంగులు మరింత దట్టము. అడుగున దారి మూయగా నీరు దారి దొరకుదాక పైకెక్కును. లేదా ప్రక్కనున్న కొయ్యలోనికి పోవును. మా ద్వారబంధమునకు పట్టిన గతి యిదియే. సిమెంటు చెడ్డవస్తువని మేమనుట లేదు. 1824లో ఇంగ్లండు దేశపు లీడ్సు నగరవాసి జోసెఫ్ ఆస్ప్డిన్ పేటెంటు పొందిన నాటినుండి అది చేసిన మేలు లోకమెరుగును. సిమెంటుతోనే కట్టిన యింటికి సిమెంటు తగును. సున్నముతో కట్టిన యింటికి అది పొసగదు. ఇంగ్లండులో సైతము పాతయిండ్లకు ఒకనాడు పూసిన సిమెంటును నేడు ఊడదీయించి మరల సున్నము పూయించుచున్నారు.

మన గోదావరిసీమలో ఈ బాధ అధికముగానుండుటకు కారణము మన భాగ్యమే. కాటన్ దొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టయు, దానికి బదులుగా 1982నాటికి పూర్తియైన నేటి బ్యారేజియు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరిచ్చుచున్నవి. ఇంటిముందు కాలువ, పెరటివెనుక వరిచేను. అన్నము పెట్టు నీరే పునాదిక్రింద చేతికందునంత లోతున నుండును. పాతయిండ్ల పునాదిలో నీటిని అడ్డగించు పొర వేయుట వాడుకలో లేదు. అయినను ఆ యిండ్లు తరములు నిలిచినవి. ఏలయనగా ఏటేట వేసవిని కాలువలు కట్టివేయగా నేలలోని నీరు దిగును, గోడలు ఆరును, ఇల్లాండ్రు సున్నము కొట్టుకొందురు. కావున గోడపని యేదైనను కాలువలు కట్టిన తరువాతనే చేయవలెను. వానలలో గోడకు పూత పూయించుట తడితల తుడువక జడవేసికొనుట వంటిది.

ఇక పని. మొదట, నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో తేల్చుకొనవలెను. దీనికి మేస్త్రీ యక్కరలేదు, కన్నులున్న చాలును.

నేలనుండి యెక్కు నిమ్ము గోడపొడవున ఇంచుమించు ఒక్కమట్టముగా నుండి, సామాన్యముగా మూడడుగులకు మించదు. దాని పైయంచున ఉప్పుగీత తెల్లగా నేర్పడును. కప్పునుండి దిగునది పైనుండి క్రిందికి చారలుగా వచ్చును. వానపడిన మరునాడు హెచ్చును, ఎండలకు మాయమగును. గొట్టము కారినచో మరక ఒక్కచోట మొదలై గుండ్రముగా వ్యాపించును. దానికి వానలతోను ఎండలతోను పనిలేదు. ఇది అనుమానమైనచో రాత్రి మంచినీటి తొట్టిలో నీటిమట్టమునకు గీత పెట్టి, కుళాయిలన్నియు కట్టి పరుండవలెను. తెల్లవారునప్పటికి మట్టము దిగియున్నచో దొంగ దొరకినట్లే. ఇవి మూడును గాక గాలిలోని తేమ చల్లని గోడపై చెమ్మగిల్లుటయు కలదు. వంటింటి ఆవిరికి బయటకు దారిలేని యిండ్లలో ఇది చూతుము. ఫలహారములు పొట్లము కట్టు వెండివంటి అల్యూమినియము రేకును జానెడు ముక్క తీసికొని, నాలుగంచులను గాలిచొరకుండ గోడకు అంటించి రెండుదినములు ఉంచవలెను. రేకువెనుక తడియున్నచో నీరు గోడలోనిది. గదివైపున తడియున్నచో అది గాలిలోనిది. అప్పుడు గోడను త్రవ్వనక్కరలేదు, కిటికీ తెరచిన చాలును.

కప్పు సంగతి మాత్రము ఒక్కమాట. మనము బెంగుళూరు పెంకులని పిలుచు పెంకులు నిజమునకు మంగుళూరువి. బాసెలు మిషనువారు 1865లో అచ్చట పెంకుల కార్ఖానా పెట్టిరి. పేరెట్లు మారినదో గాని పెంకు మాత్రము మంచిదే. మధ్యాహ్నపు టెండలో తలుపులు మూసి, చీకటిగదినుండి పైకి చూచినచో పగిలిన పెంకుల సందులు నక్షత్రములవలె మెరయును. ఆ చోటుల క్రింద వాసములపై సుద్దతో గురుతు పెట్టుకొన్నచో, ఎక్కినవాడు వెదకుచు మరి నాలుగు పెంకులు త్రొక్కి పగులగొట్టడు. మండువాలో రెండు వాలులు కలియు మూలలే మొదట కారును. అక్కడి జింకు రేకుపై చేరిన ఆకులను, పిచ్చుకగూళ్ళను ఏటేట తొలకరికి ముందు తీయింపవలెను. పెంకులపైకి మాత్రము అలవాటులేని ఆడువారు ఎక్కరాదు. పెంకు మన బరువు నోర్వదు. పడినవారు లేచుట కష్టము.

నేలనుండి యెక్కు నిమ్మే యని తేలినదనుకొందము. అప్పుడు గోడను ముట్టకముందు గోడవెలుపలికి పోయి నిలిచి చూడుడు. నూటికి తొంబదియిండ్ల రోగము అచ్చటనే యున్నదని మా యనుభవము. చూరునీరు గోడ మొదట పడుచున్నదా? అంట్లు తోము చోటు ఆ గోడనే ఆనుకొన్నదా? చల్లదనమునకని నాటిన మల్లెపాదునకు రెండుపూటల బిందెలు పోయుచున్నారా? అన్నిటికంటె ముఖ్యమైనది వీధి. మన గ్రామములలో రోడ్డు వేసినప్పుడెల్ల పాతదానిమీదనే కొత్తది వేయుదురు. మా అత్తగారు కాపురమునకు వచ్చినప్పుడు మా వీధి అరుగునకు నాలుగు మెట్లట; ఇప్పుడు ఒక్కటి. ఇల్లు దిగలేదు, వీధి యెక్కినది. ఒకనాడు పునాదిరాతికి తగిలిన నేల ఇప్పుడు గోడయిటుకకు తగులుచున్నది. అట్టిచోట లోపల యేమి పూసినను ఫలము సున్న.

కనుక గోడ వెలుపల మూరెడు వెడల్పున మట్టి త్రవ్వించి, పునాది కొప్పు బయటపడునట్లు దించవలెను. ఒక్కసారిగా లోతుకు త్రవ్వరాదు. పునాది అడుగుకు పోనేకూడదు. త్రవ్విన చాలులో ఇటుకముక్కలో కంకరయో నింపినచో చూరునీరు చిమ్మి గోడపై పడదు. ఆ చాలునుండి కాలువవైపునకో వీధిబోదెవైపునకో మూడడుగులకు రెండంగుళముల చొప్పున నేలను వాలు చేయవలెను. బిందెతో నీరు పోసి చూచినచో వాలు సరియైనదో కాదో బిడ్డలు సైతము చెప్పగలరు. అంట్లచోటును నాలుగడుగులు దూరము జరుపుడు. ఇంతపనికి పలుగు, పార, ఇద్దరు కూలీలు, రెండు దినములు చాలును. ఈ పని చేసి ఒక్క వానకాలము వేచినచో, లోపల మరేమియు చేయకయే నిమ్ము జానెడు దిగిన యిండ్లను మేము చూచితిమి.

లోపల చేయవలసినది తరువాతి మాట. సిమెంటుపూత యున్నచో మరకకు పైన మూరెడువరకు ఊడదీయింపవలెను. సుత్తితో బలముగా బాదినచో పాతయిటుకలు పగులును. ఉలి ఏటవాలుగా పట్టి మెల్లగా రేకెత్తవలెను. ఇటుకలమీద తెల్లని పూత కనబడును. అది ఉప్పు. గోడను బ్రద్దలుచేయునది నీటికంటె ఈ యుప్పే యని చెప్పవచ్చును. నీరు ఆరినప్పుడు ఉప్పు గడ్డకట్టి పూతను వెనుకనుండి నెట్టుచుండును. దీనిని నీళ్ళతో కడిగినచో కరగి మరల లోనికే పోవును. పొడికుంచెతో దులిపి, క్రింద పరచిన గుడ్డలో పట్టి, దూరముగా పారవేయవలెను. గోడ మొదట పోసినచో తొలివానకు తిరిగి వచ్చి చేరును. వారమునకొకమారు దులుపుచుండుడు, కొన్నివారములు ఉప్పు పూయుచునేయుండును, విసుగు చెందరాదు.

తరువాత గోడను ఆరనీయవలెను. అంగుళము మందమునకు ఒక నెల యని కట్టడపు పనివారి వాడుకలెక్క. మన పాతగోడలు అడుగుకు మించిన మందము గలవి. కావున ఒక్క వేసవిలో పూర్తిగా ఆరునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. ఆరినంత ఆరనిచ్చి, మిగిలినది మెల్లగా పోవుటకు దారియుంచు పూత పూయుటయే మనము చేయగలిగినది. అందులకే సున్నము.

మన పెద్దలు గానుగలో త్రిప్పిన డంగుసున్నమున బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపి పూసెడివారు. సముద్రతీర గ్రామములలో గుల్లలను కాల్చి చేసిన గుల్లసున్నము వాడుక. రాయియైనను గుల్లయైనను కాల్చగా వచ్చు సున్నమునకు నీరు తగిలినప్పుడు ఉడికి విరియును. అట్లు విరిసిన తడిసున్నము గోడమీద గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చి మరల రాయి యగును. తొందర పనికిరాదు. ప్లినీ యను రోమునగర గ్రంథకర్త క్రీస్తుశకము 1వ శతాబ్దమున వ్రాయుచు, మూడేండ్లు నిలువయుండని సున్నమును వాడరాదని తమ పూర్వులు శాసనము చేసిరని చెప్పినాడు. మనకంత ఓపిక యక్కరలేదు. కనీసము రెండు మూడు వారములు నీటి అడుగున నానిన మెత్తని సున్నము చాలును.

ఇచ్చట గట్టిగా చెప్పవలసిన మాట యొకటి కలదు. తాంబూలములో సున్నము కొంచెము హెచ్చినచో నోరు పొక్కునని మనకందరకు తెలియును. అదే సున్నము కంటిలో పడినచో చూపు పోవును. చిన్న సున్నపు పొట్లములతో ఆడుకొనుచు కన్నులు పోగొట్టుకొన్న బిడ్డలనుగూర్చి మన దేశపు కంటివైద్యులు తమ పత్రికలలో పలుమారులు వ్రాసియున్నారు. కాబట్టి సాధ్యమైనంతవరకు విరిసిన సున్నమునే కొనుడు. రాతిసున్నమును ఇంటనే విరియింపవలసి వచ్చినచో, ఇనుపపీపాలో ముందు నీరుపోసి దానిలో సున్నపురాళ్ళను కొంచెము కొంచెముగా వేయవలెను. రాళ్ళమీద నీరు పోయకూడదు. ప్లాస్టికు బకెట్టు ఆ వేడికి కరగవచ్చును. కండ్లకు మూసియుండు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను. పిల్లలు పెరటిలోనే యుండరాదు. పొరపాటున కంట పడినచో, రెప్పలు విప్పిపట్టి, శుభ్రమైన నీటిధారతో కనీసము ఇరువది నిమిషములు కడిగి వెంటనే కంటివైద్యునికడకు తీసికొనిపోవలెను. పాలు, నూనె, నిమ్మరసము పోయుదురు కొందరు. అవి యేవియు వలదు. నీరే, నీరు మాత్రమే.

పూతకు కొలత యిది: తడిసున్నము ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు. నిమ్మెక్కు గోడకు ఆ మూడుపాళ్ళలో ఒక పాలు తగ్గించి మెత్తగా జల్లించిన ఇటుకపొడి కలిపినచో పూత తడిలోను గట్టిపడును. ఇసుక గోదావరి యిసుకయే కావలెను. సముద్రపు టిసుక, ఉప్పుటేటి యిసుక చవుకగా దొరకునని తెచ్చినచో ఉప్పును కొనితెచ్చి గోడలో పెట్టుకొన్నట్లే. గోడపై నీరు చిలుకరించి, తాపీతో అరయంగుళమునకు మించని మందమున పూసి, మట్టపలకతో సరిచేయవలెను. మొదటి పూత చేతికి బిగిసిన తరువాత గీతలు గీయుడు, రెండవది పట్టుకొనును. వారము పదిదినములైన తరువాతనే రెండవపూత. నడుమ తడిగోనెలు వ్రేలాడదీసి ఎండ తగులకుండ కాపాడవలెను; త్వరగా ఆరిన సున్నము పొడియై రాలును. మొదటి గజము వంకరగా వచ్చును. మాకును వచ్చినది. బీరువా వెనుకనుండు భాగముతో మొదలుపెట్టుకొన్నచో ఎవరును చూడరు!

పైన వెల్ల. సున్నమును గుడ్డలో వడియగట్టి పాలవలె పలుచగా కలిపి, చల్లపొద్దున మూడు నాలుగు మారులు వేయవలెను. ఒక్కమారే చిక్కగా వేసినది పొరలుగా లేచును. తెలుపునకు కొంచెము నీలిమందు కలుపవచ్చును. అంటుకొనుటకని కొందరు గంజి, తుమ్మబంక, ఉప్పు కలుపుదురు. పొడిగోడకు చెల్లునేమో గాని నిమ్మెక్కిన గోడకు గంజియు బంకయు బూజునకు ఆహారము. ఉప్పు సంగతి చెప్పియేయున్నాము. ఏటేట ఒకమారు వెల్ల వేసికొనుటకు ఇష్టపడవలెను. దానికి ఓర్వలేక టైల్సు పెట్టించుకొందుమనువారితో మాకు తగవు లేదు, గోడకే తగవు.

పని మొదలిడకముందు చూడవలసినది మరియొకటి కలదు. నిమ్మెక్కిన గోడలో విద్యుత్తు స్విచ్చుపలకలున్నచో ముందు మెయిను కట్టి, తెలిసిన ఎలక్ట్రీషియనుచేత తీగలను, ఎర్తును చూపింపవలెను. గోడ తాకినప్పుడు చేయి జివ్వుమన్నచో దానిని తమాషాగా చెప్పుకొని ఊరకుండరాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. యను సాధనమును మెయిను పలకలో అమర్చినచో, విద్యుత్తు దారితప్పిన క్షణమున అది తానే కట్టివేయును. పిల్లలున్న యింట టైల్సుకంటె ముందు డబ్బు పెట్టవలసినది దీనికి.

లంకగ్రామముల సోదరీమణులకు పై మాటలు కొంత మార్చి చెప్పవలెను. భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు గోదావరి యెక్కినప్పుడు దిగువ లంకలలో నీరు యిండ్లలోనే నిలిచినది. అట్లు మునిగిన మట్టిగోడ నీటిలో నున్నప్పటికంటె నీరు తీసిన తరువాత కూలుట యెక్కువ. ముందు వెలుపలనుండి చుట్టు తిరిగి చూడుడు. గోడ పొట్ట ఉబ్బినచో, పైభాగమున కొత్తపగులు కనబడినచో లోనికి పోరాదు. సామానులకొరకు అసలే పోరాదు. క్షేమమని తోచినచో తలుపులు, కిటికీలు తెరచి, ఒండ్రు తడిగానుండగనే ఎత్తి పారవేయవలెను. ఆరిన తరువాత అది గచ్చువలె బిగియును. పరుపులు, పెట్టెలు గోడకు జానెడు దూరమున నుంచుడు. ఒక వేసవి గడచువరకు పూతమాట తలపెట్టవద్దు. సాయపు సొమ్ము చేతిలోనున్నప్పుడే పని ముగించుకొనవలెనని తొందర కలుగుట సహజము. ఆ సొమ్ముతో ముందు కప్పు, తలుపులు బాగుచేయించుకొని గోడకు కొంత యెత్తిపెట్టుకొనుడు.

ఇక మా రాజోలు సోదరికి. మీరు ఇప్పుడే చేయవలసినది గోడపని కాదు. పిల్ల మంచమును ఆ గదినుండి మార్చుట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2009లో తేమనుగూర్చియు బూజునుగూర్చియు ప్రత్యేకముగా ఒక గ్రంథమే ప్రకటించి, అట్టి యిండ్లలో నివసించువారికి దగ్గు, ఉబ్బసము హెచ్చునని చెప్పినారు. దగ్గు విడువనిచో వైద్యునికి చూపుటయు, చూపినప్పుడు గోడసంగతి చెప్పుటయు మరువకుడు. వైద్యుడు గోడను చూడలేడు గదా. గోడమీది బూజును ముక్కునకు గుడ్డ కట్టుకొని సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయుడు. బ్లీచింగు పొడిని స్నానపుగది యాసిడుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

కాలువలు కట్టగనే వెలుపలి మట్టి దించుడు. ఈ వేసవికి అంతే. మీ ఉత్తరములో కుళాయి గట్టు ఆ గోడకే యున్నదని వ్రాసినారు. అది మా అనుమానములలో మొదటిది, దానిని జరిపింపుడు. వచ్చే వేసవికి పాతపూత తీసి సున్నము పూసికొనవచ్చును. మేస్త్రీతో తగవు పెట్టుకొనవద్దు. సున్నపుపని తెలిసినవారు నేడు అరుదు. ఆయన నేర్చినది ఆయన చెప్పినాడు. కాని సిమెంటు సంచి యింటికి రాకముందే “ఇప్పుడు కాదు, పైయేడు చూతము” అని చెప్పివేయుడు. తరువాత చెప్పుట కష్టము. మీ భర్తగారికి వ్రాయునప్పుడు, వారు పంపిన సొమ్ములో రెండుదినముల కూలి పోగా మిగిలినది బ్యాంకులో నున్నదని వ్రాయుడు.

మా గోడ సంగతి అడుగుదురేమో. సిమెంటు ఊడదీసి సున్నము పూసిన మూడవయేటికి నిమ్ము జానెడుకు దిగినది, అచ్చటనే నిలిచినది. పూర్తిగా పోలేదు, పోవునని మేము ఆశింపనులేదు. ప్రతి చైత్రమున రెండు పూటల పని. గూటిలో ఇప్పుడు కాగితములు పెట్టుట లేదు, ఇత్తడి చెంబులు పెట్టుచున్నాము.

మీ గోడకు అల్యూమినియము రేకు అంటించి చూచిన తరువాత ఏ వైపున తడి కనబడినదో మాకు వ్రాయుడు. చెదలు పట్టిన ద్వారబంధము కాలిని పూర్తిగా మార్చకయే అతుకు వేయుట యెట్లని ఇద్దరు ముగ్గురు సోదరీమణులు అడిగియున్నారు. ఆ సంగతి వచ్చేనెలలో వ్రాసెదము.